పిలిచినా పలకని వాళ్ళు

మా అబ్బాకి చెవులు వినపడవన్న సంగతి మా వీధిలో పాలవాడి దగ్గర్నుంచి అందరికీ తెలుసు. ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, దగ్గరికొచ్చి భుజం తట్టేవాళ్ళు. బెజవాడ వించిపేటలో మేం పై వాటాలో ఉంటే కింద వాటాలో ఒక టైలరు ఉండేవాడు. అజాన్ వినపడగానే మిషన్ ఆపి, టోపీ పెట్టుకుని బయల్దేరేవాడు. అబ్బా పైనించి ఆయన్నే చూస్తూ కూర్చుని, ఆయన లేస్తే తనూ లేచేవారు. మసీదు మాకు నాలుగిళ్ళ అవతలే. మైకు మోతకి వంటింట్లో గిన్నెలు అదిరేవి. అబ్బాకి మాత్రం టైలరు లేవడమే అజాన్.

ఆయన సైన్యంలో ఫిరంగుల దళంలో పనిచేశారు. ఆయన పని గుండు అందించడం. ఫిరంగి పేలేటప్పుడు నోరు తెరిచి, రెండు చెవులూ మూసుకోమని నేర్పుతారట.

"గుండు అందించేవాడికి చేతులు ఖాళీ ఎక్కడుంటాయి బేటీ?" అనేవారు నవ్వుతూ. "సాయంత్రానికి చెవుల్లో తేనెటీగలు తిరిగినట్టుండేది. పొద్దున్నకి తగ్గేది. కొన్నేళ్ళకి తగ్గడం మానేసింది. అందరికీ అంతేగా అని ఎవరం చెప్పేవాళ్ళం కాదు."

సర్వీసు అయిపోయి ఇంటికి పంపేముందు డాక్టరు పరీక్ష ఉంటుంది. దూరంగా నిలబడి మెల్లగా ఏదో అంటాడు, అది తిరిగి చెప్పాలి. అబ్బా పెదాలు చూసి చెప్పేశారు. వినపడలేదంటే ఇంకో నెల ఆసుపత్రిలో ఉంచుతారని తోటివాళ్ళు ముందే చెప్పారట. ఇంటికెళ్ళే రైలు టిక్కెట్టు జేబులో పెట్టుకున్నవాడు చెవుల గురించి ఎందుకు చెప్తాడు? రెండు చెవులూ బాగున్నాయని రాసి పంపించేశారు.

అలా నా చిన్నతనమంతా అరుపుల మధ్య గడిచింది. ఇంట్లో మాది ఉర్దూ, వీధిలో తెలుగు. అబ్బాతో మాత్రం ఏ భాషైనా ఒకటే, అరవడమే. సాయంత్రమయ్యేసరికి అమ్మీకి గొంతు పోయేది. అప్పుడు నన్ను పిలిచి, "నీళ్ళు రేపు రావంట, మీ అబ్బాకి నువ్వు చెప్పు" అనేది. మా ఇంట్లో గుసగుస అన్నది ఎవరికీ రాదు. నన్ను చూడడానికి వచ్చిన ఒకావిడ, నేను లోపల్నించి అబ్బాని టీకి పిలవడం విని, పిల్ల గొంతు మరీ పెద్దదని వెళ్ళిపోయింది. తర్వాత నన్ను చేసుకున్నాయన రైల్వే లోకో షెడ్డులో పనిచేస్తారు. నా గొంతు ఆయనకి మామూలుగానే వినపడింది. గుణదలలో కాపురం పెట్టాం. దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. అక్కడ కూడా ఈ గొంతు పనికొచ్చింది.

తొంభైల మొదట్లో అబ్బా కొండపల్లి వైపు ఒక గోడౌన్‌లో వాచ్‌మన్‌గా చేసేవారు. మాజీ సైనికుడంటే అందరికీ నమ్మకం. చేరేటప్పుడు చెవుల సంగతి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒకరోజు గేటు దగ్గర లారీ వెనక్కి వస్తోంది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. అబ్బా అటు వీపు పెట్టి నిలబడి తాళం వేస్తున్నారు. క్లీనరు పరుగెత్తుకొచ్చి కాలరు పట్టి లాగాడు కాబట్టి బతికారు. మర్నాడు ఆ గోడౌన్ ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, "సాయిబు గారూ, మీకేమన్నా అయితే మీ ఇంట్లోవాళ్ళకి నేనేం చెప్పుకోను?" అన్నాడు. అబ్బాకి సగమే అర్థమైంది. మిగతా సగం ఇంటికొచ్చాక, చేతిలో పెట్టిన ఆఖరి జీతం కవరు చూసుకుంటే అర్థమైంది.

అప్పుడు మా ఆయనే అన్నారు, "మిలటరీలో పోయిన చెవులు కదా, పరిహారం మిలటరీనే అడుగుదాం" అని. నేను స్కూలుకి సెలవు పెట్టి అబ్బాని తీసుకుని మాజీ సైనికుల పనులు చూసే ఒక ఆఫీసుకి వెళ్ళాను. హాలు నిండా జనం. ఎక్కువమంది అబ్బా వయసువాళ్ళే, ఎవరి సంచి వాళ్ళ ఒళ్ళో. గుమాస్తా మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఫైలు తిరగేసి నాతో మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఇంటికొచ్చేనాటికి రెండు చెవులూ నార్మల్ అని ఉందండీ. ఆ తర్వాత పోయిందంటే వయసు వల్ల పోయిందనుకుంటారు. సర్వీసు వల్ల అని లెక్కలోకి రాదు."

అబ్బా నా మొహమే చూస్తున్నారు. "ఏమంటున్నారు?"

ఇంటికెళ్ళాక చెప్తానని సైగ చేశాను.

"కాదు, ఇప్పుడే చెప్పు."

ఇక తప్పలేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. "మీ చెవులు బాగానే ఉన్నాయంట అబ్బా!"

"ఏంటీ?"

"చెవులు! మీ చెవులు! బాగానే ఉన్నాయని రాసుందంట!"

ఒకాయన నవ్వబోయి ఆపుకున్నాడు. గుమాస్తా తలొంచుకుని ఫైలుకి తాడు కట్టడం మొదలుపెట్టాడు. అబ్బా కొంచెంసేపు ఆలోచించి, "ఆ రోజు బాగున్నాయని నేనే అన్నానని చెప్పు. ఇంటికి రావాలని అలా అన్నానని చెప్పు" అన్నారు. ఆయన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలియదు. నేను చెప్పాల్సిన పని లేకుండా హాలంతా విన్నది.

"అలా అన్నారని మేం ఎక్కడ రాస్తామమ్మా?" అన్నాడు గుమాస్తా. నిజమే, ఎక్కడ రాస్తాడు?

తిరుగు బస్సులో కాలవ గట్టు మీదుగా వస్తున్నాం. పొలాల్లో నాట్లు పడుతున్నాయి. బస్సు మోతలో అబ్బాతో మాట్లాడడం అసలు కుదరదు. ఆ రోజు అది నాకు హాయిగా అనిపించింది.

తర్వాత అప్పీలు పెట్టాం. వచ్చిన జవాబు మీద మళ్ళీ పెట్టాం. ప్రతిసారీ అదే వాక్యం తిప్పి తిప్పి పంపేవారు. కొన్నాళ్ళకి అబ్బానే, "ఇక చాలు బేటీ, నీ సెలవులన్నీ నా చెవులకే పోతున్నాయి" అన్నారు. నేనూ ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాను. మానేశాను.

వినికిడి మిషన్ మాత్రం ఇస్తారని తెలిసి సికింద్రాబాద్ మిలటరీ ఆసుపత్రికి వెళ్ళాం. అప్పట్లో మా జిల్లా వాళ్ళందరికీ అదే దిక్కు. తెల్లవారుజామున రైలెక్కి వెళ్ళడం, ఆ రోజు డాక్టరు సెలవైతే మళ్ళీ రావడం. చివరికి అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా, దానికో వైరు, చెవిలో పెట్టుకునే బిళ్ళ ఇచ్చారు. డబ్బా చొక్కా జేబులో పెట్టుకోవాలి. దాంతో అబ్బాకి మొట్టమొదట వినపడింది జేబు గుడ్డ డబ్బాకి రాసుకునే చప్పుడు. కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడి మంచం మీద నుంచి లేచిపోయారు. మనుషుల మాట తప్ప అన్నీ వినపడుతున్నాయన్నారు. ఎవరైనా కూర్చుని దాన్ని సరిచేసి, ఎలా అలవాటు చేసుకోవాలో చెప్తే బాగుండేది. దానికి మళ్ళీ సికింద్రాబాద్ వెళ్ళాలి. ఎండాకాలం చెమటకి అది పాడైపోయింది. అమ్మీ దాన్ని శుభ్రంగా తుడిచి బీరువాలో పెట్టింది.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకి మాజీ సైనికుల కోసం బెజవాడలోనే ఒక వైద్య కేంద్రం తెరిచారు. అద్దె ఇల్లు. ముందు వరండాలో బెంచీలు, లోపల డాక్టరు గది, పక్కన మందులిచ్చే కిటికీ. మా అందరికీ పండగలా అనిపించింది. అప్పటికి అబ్బాకి బీపీ, సుగరు రెండూ ఉన్నాయి. ఇక రైలెక్కక్కర్లేదు, సిటీ బస్సు చాలు.

అక్కడే ఆయనకి ఒక స్నేహితుడు దొరికాడు. చల్లపల్లి అవతల పల్లెలో వరి, మినుము పండించుకునే రైతు. హవల్దారుగా రిటైరయ్యారు. మోర్టార్లు పేల్చి పేల్చి ఆయన చెవులూ అలాగే అయ్యాయి. అబ్బా ఆయన్ని హవల్దార్ సాబ్ అనేవారు, ఆయన అబ్బాని సాయిబు గారూ అనేవారు. నేను బాబాయి గారూ అని పిలిచేదాన్ని. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, హిందీలో సగం తెలుగులో సగం, చెరువుకి అటొకరూ ఇటొకరూ నిలబడినట్టుగా మాట్లాడుకునేవాళ్ళు. ఒకరు మినుము ధర గురించి చెప్తుంటే ఇంకొకరు పఠాన్‌కోట్ చలి గురించి చెప్పేవారు. ఇద్దరికీ తృప్తిగానే ఉండేది.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. అటెండరు గుమ్మంలో నిలబడి పేరు పిలుస్తాడు. పలికితే లోపలికి, లేకపోతే తర్వాతి పేరు.

ఒకరోజు స్కూల్లో ఒంటిపూట. అబ్బాని తీసుకెళ్దామని మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాను. వరండాలో జనం పల్చబడ్డారు. అబ్బా నన్ను చూడలేదు. అటెండరు పెదాలు చూస్తూ కూర్చున్నారు. అతను ఒక పేరు పిలవగానే అబ్బా సగం లేచారు. ఇంకొకాయన లేచి వెళ్ళడం చూసి మళ్ళీ కూర్చున్నారు. ఇంకో పేరు పిలిచాడు. మళ్ళీ సగం లేచారు. పొద్దున్నించీ అలాగే లేస్తూ కూర్చుంటూ ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది. మోకాళ్ళ నొప్పులని ఆయన రోజూ ఎందుకంటున్నారో కూడా.

"ఈయన పేరు ఎప్పుడో పిలిచామండీ. మూడుసార్లు పిలిచాం, పలకలేదు" అన్నాడు అటెండరు. అతన్ని అనడానికేం లేదు. అంతమందిలో ఎవరి భుజమని తడతాడు?

ఆ కేంద్రాన్ని చూసుకునేది ఒక రిటైరైన ఆఫీసరు. వెళ్ళి చెప్పాను.

"సార్, ఇక్కడికొచ్చే పెద్దవాళ్ళలో చాలామందికి ఫిరంగుల మోతకే చెవులు పోయాయి. పేర్లు పిలిస్తే వాళ్ళకెలా తెలుస్తుంది? చేతికి నంబరిచ్చి, బోర్డు మీద ఆ నంబరు చూపిస్తే చాలు సార్."

ఆయన కుడి చెవి నా వైపు తిప్పి శ్రద్ధగా విన్నారు. "మంచి సలహా అమ్మా. పైకి రాస్తాను."

"ఈలోపల మా స్కూల్లో పాత నల్లబోర్డు ఒకటుంది సార్. తెచ్చిస్తాను, సుద్దముక్కతో రాస్తే..."

"బయటి వస్తువు పెట్టకూడదమ్మా. రేపు ఆడిట్ వాళ్ళొచ్చి ఇదెక్కడిదని అడుగుతారు."

ఆయన వేళాకోళానికి అనలేదు. నిజంగానే అడుగుతారు కాబోలు. బయటికొచ్చాక గాని నాకు తట్టలేదు, ఆయనకి కూడా ఎడమ చెవి పనిచేయడం లేదని.

వానాకాలం వెళ్ళింది, చలికాలం వెళ్ళింది. ఆ ఆఫీసరు మారి ఇంకొకరు వచ్చారు. "ఆ కాగితం ఎక్కడా కనపడలేదమ్మా, మళ్ళీ రాసివ్వండి" అన్నారు. మళ్ళీ రాసిచ్చాను. అబ్బా వెళ్ళే రోజుల్లో వీలైతే నేను, లేకపోతే మా ఆయన వెంట వెళ్ళేవాళ్ళం. అమ్మీ మెట్లు దిగలేని స్థితికి వచ్చింది. ఎవరికీ కుదరని రోజు అబ్బా మందుల్లేకుండా తిరిగొచ్చి, "ఈసారి జనం ఎక్కువున్నారు" అనేవారు.

అలా ఉండగా హవల్దారు గారు రావడం మానేశారు. అబ్బా ప్రతిసారీ బెంచీ మీద ఆయన చోటు చూసుకునేవారు. చూసి చూసి, ఒక ఆదివారం "పద, చల్లపల్లి వెళ్దాం" అన్నారు. బస్సు దిగి ఆటోలో వాళ్ళ ఊరు చేరేసరికి ఎండెక్కింది. ఆయన వసారాలో కుర్చీలో ఉన్నారు. కుడి పాదానికి పెద్ద కట్టు. సుగరు పెరిగి పుండు మానక, ఒక వేలు తీసేశారని కోడలు చెప్పింది.

నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి అడిగాను. "మందులకి ఎందుకు రావడంలేదు బాబాయి గారూ?"

"వచ్చి ఏం లాభం అమ్మా? మొదటి బస్సుకి వస్తాను. ఉత్త చేతులతో సాయంత్రం బస్సుకి ఇంటికొస్తాను. నా పేరు పిలిచినప్పుడు నేనక్కడే కూర్చునున్నానని మా వాళ్ళకి ఎలా చెప్పను?" "సెంట్రీ డ్యూటీలో నిద్రపోయినవాణ్ణి చూసినట్టు చూస్తారమ్మా అక్కడ. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను అలా ఎవరూ చూడలేదు."

కోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. "మాకు చెప్పలేదండీ. మందులు తెచ్చుకుని వేసుకుంటున్నారనే అనుకున్నాం" అంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

అబ్బాకి ఈ మాటలేవీ వినపడలేదు. ఆయన కట్టునే చూస్తున్నారు. బయల్దేరేటప్పుడు వంగి, ఆ కట్టు మీద మెల్లగా చెయ్యి పెట్టి తీశారు.

కొన్ని నెలలకి వైద్య కేంద్రానికి పెద్ద ఆఫీసరు ఒకాయన తనిఖీకి వస్తున్నారని, అందర్నీ రమ్మని కబురు వచ్చింది. షామియానా వేశారు, మైకు పెట్టారు. ముందు వరసల్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టారు. అబ్బా తెల్ల చొక్కా వేసుకుని, మెడల్ పెట్టుకుని వచ్చారు. ఆయన వెనక వరసలో నేను. పెద్ద ఆఫీసరు హిందీలో బాగా మాట్లాడారు. దేశం మీకు రుణపడి ఉందన్నారు. చివర్లో, "మీకిక్కడ ఏమైనా ఇబ్బందులున్నాయా? దాచకుండా చెప్పండి" అనడిగారు.

ముందు వరసలవాళ్ళు ఆయన్ని చూసి మర్యాదగా నవ్వుతూ కూర్చున్నారు.

"ఇబ్బందులేమీ లేవన్నమాట. చాలా సంతోషం" అంటూ ఆయన మైకు పక్కన పెట్టబోయారు.

నేను అబ్బా భుజం తట్టి, చెవిలో అరిచాను. "ఇబ్బందులేంటని అడుగుతున్నారు! చెప్పండి!"

అబ్బా లేచి నిలబడ్డారు. సెల్యూట్ చేశారు. మైకు అక్కర్లేని ఆయన గొంతుతో హిందీలో అన్నారు. "సాబ్, మాకు వినపడదు. మీరిప్పుడు అడిగింది కూడా మాకు వినపడలేదు. మా అమ్మాయి చెప్తే తెలిసింది. ఇక్కడ మా పేర్లు పిలుస్తారు, మేం పలకం. మందుల్లేకుండా వెళ్ళిపోతాం. చల్లపల్లి హవల్దార్ సాబ్ కాలి వేలు తీసేశారు."

అంతే చెప్పి కూర్చున్నారు. ఇంకా ఏమైనా చెప్తారేమోనని నేను చూశాను. ఆయన రుమాలుతో మొహం తుడుచుకుంటున్నారు. పెద్ద ఆఫీసరు మైకు పక్కన పెట్టేశారు. తర్వాత వేదిక దిగి, ముందు వరసలోకి వచ్చి, ఒక్కొక్కరి ముందు వంగి, వాళ్ళ చెవుల దగ్గర అడగడం మొదలుపెట్టారు. చివరిదాకా అడిగే టైము లేకపోయింది. కారు వచ్చేసింది.

బోర్డు ఆ తర్వాత కూడా వెంటనే రాలేదు. కొటేషన్లంట, శాంక్షనంట. మరుసటి వేసవిలో వచ్చింది. ఎర్ర అంకెలు వెలిగే కరెంటు బోర్డు. నంబరు మారినప్పుడల్లా గంట కూడా మోగుతుంది, ఆ గంట ఎవరికీ వినపడదు. కరెంటు పోతే మళ్ళీ అటెండరు అరుపే. అయినా, కరెంటున్న రోజున అబ్బా తన నంబరు చూసుకుని, ఎవరూ తట్టకుండా, ఒక్కసారే పూర్తిగా లేచి లోపలికి వెళ్ళడం చూశాను. కొన్నాళ్ళకి అక్కడి నుంచే చెవి వెనక పెట్టుకునే చిన్న మిషన్ కూడా ఇప్పించారు. ఇంట్లో కాస్త వాడతారు, వీధిలోకి వెళ్తే తీసేస్తారు. హవల్దారు గారు కర్ర పట్టుకుని మళ్ళీ రావడం మొదలుపెట్టారు. కోడలు వెంట వస్తుంది.

ఆ ఏడాది చివర్లో ఒకరోజు, నేను రెండు పీరియడ్లు పర్మిషన్ తీసుకుని అబ్బాతో వెళ్ళాను. స్కూల్లో పరీక్షలు, దిద్దాల్సిన కట్ట సంచిలోనే ఉంది. అబ్బా ఒక్కరే లోపలికి వెళ్ళి, మందుల కవరుతో బయటికొచ్చారు. కవరు నా ఒళ్ళో పెట్టి, "వీటిల్లో ఏది ఎప్పుడు వేసుకోవాలి?" అనడిగారు.

"డాక్టరు గారు చెప్పలేదా?"

"చెప్పారు. తలూపాను."

కవరు తీసి చూశాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే, అవీ చీమల్లా ఉన్నాయి. ఇది కూడా ఎవరికైనా చెప్పాలి అనుకున్నాను. ఆఫీసరు గది వైపు చూశాను. మళ్ళీ కొత్తాయన వచ్చినట్టున్నారు, తలుపు మీద పేరు ఇంకా రాయలేదు. కాగితం రాయడం, పైకి పంపడం, అది కనపడకపోవడం అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. లేచి అంత దూరం నడవడానికి కూడా ఓపిక లేదనిపించింది.

సంచిలోంచి ఎర్ర పెన్ను తీశాను. డాక్టరు చీటీ చూసి, ఒక్కో మాత్రల పట్టీ మీద పెద్ద అక్షరాలతో 'పొద్దున', 'రాత్రి', 'అన్నం తిన్నాక' అని రాశాను. మందుల కిటికీ దగ్గరికి వెళ్ళి అడిగి సరిచూసుకుని వచ్చి కూర్చునేసరికి, హవల్దారు గారు తన కవరు నా ముందు పెట్టారు. ఆయన పక్కాయన కూడా సంచిలో వెతుక్కుంటున్నాడు. ఆ చివర బెంచీ మీద ఒక పెద్దావిడ, భర్త పోయాక ఆయన కార్డు మీదే మందులు తీసుకునే ఆవిడ, లేచి ఇటే వస్తోంది.

స్కూలుకి ఆలస్యమవుతుంది. హవల్దారు గారి కవరు తీసుకుని, తర్వాతి పట్టీ మీద రాయడం మొదలుపెట్టాను.